హలే మానోవాలో పెద్దకూర

2004 ఆగస్టులో నేను హొనొలులులో దిగినప్పుడు నా సూట్‌కేసులో చిన్న ప్రెషర్ కుక్కర్, రెండు కిలోల కందిపప్పు, అమ్మ పట్టించి ఇచ్చిన కారం ప్యాకెట్ ఉన్నాయి. ఈస్ట్-వెస్ట్ సెంటర్ స్కాలర్‌షిప్ మీద యూనివర్సిటీ ఆఫ్ హవాయిలో కీటకశాస్త్రం ఎమ్మెస్ చదవడానికి వెళ్లాను. మన సెంటర్ 1960లో ఎలా పుట్టిందో, మన హాస్టల్ హలే మానోవాను ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పే ఎలా డిజైన్ చేశాడో మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో ఇంకెవరైనా రాస్తారు. నేను అక్కడి వంటగది గురించి, అందులో నేర్చుకున్న ఒక్క కూర గురించి రాస్తాను.

ఆ ఉమ్మడి వంటగది సాయంత్రం ఆరింటికి ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పొయ్యి మీద కొరియా వాళ్ల కిమ్చీ కూర, ఇంకో పొయ్యి మీద ఇండోనేషియా అమ్మాయి సంబల్ వేపుడు, పక్కన నేపాల్ తమ్ముడి పప్పు. ఫ్రిజ్‌లో ప్రతి సంచి మీదా పేరు రాసి ఉండేది. మొదటి నెల నేను పప్పూ అన్నంతోనే నెట్టుకొచ్చాను. ఎవరైనా నా గిన్నెలోకి తొంగి చూస్తే టెన్షన్‌గా ఉండేది. ఆ టెన్షన్ హవాయిలో పుట్టింది కాదు.

మా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఒక ఆంటీ పనిచేసేది. అక్కడ కూడా పెద్దవాళ్లను అందరూ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, చుట్టరికం ఏదీ ఉండక్కర్లేదు. ఆ ఒక్క పిలుపుతోనే నాకు సగం దిగులు తీరింది. 1885 నుంచి ఓడల నిండా జపాన్ కూలీలు హవాయి చెరకు తోటలకు వచ్చారు కదా, ఆంటీ తాత కూడా అలా వచ్చినవాడే. వాళ్ల నాన్న వైపాహు చక్కెర మిల్లులో పనిచేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆంటీ డబ్బా మూత తీస్తే అల్లం వెల్లుల్లి వాసన వచ్చింది. ఒకవైపు ముద్దగా ఉన్న తెల్లన్నం, ఇంకోవైపు గోధుమరంగు ఖీమా, మధ్యమధ్య పచ్చని కాడలు. "ఇదేం కూర ఆంటీ?" అని అడిగాను. "హాంబర్గర్ వాటర్‌క్రెస్" అంది. అక్కడ గొడ్డుమాంసం ఖీమాను హాంబర్గర్ అనే అంటారు, దానికి బన్నుతో పనిలేదు. ఆ కూరకు వేరే పేరంటూ లేదు. మాంసం పేరు పక్కన ఆకు పేరు పెడితే అదే కూర పేరు. మా నల్గొండ ఇంట్లో పుంటికూర (గోంగూర) పెద్దకూర (గొడ్డుమాంసం) అన్నట్టే.

నాకు పెట్టబోయి ఆగిపోయింది. "మీవాళ్లు బీఫ్ తినరు కదా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. హైదరాబాద్‌లో డిగ్రీ చదివిన నాలుగేళ్లూ ఆదివారం ఇంటికి వెళ్లి వస్తుంటే అమ్మ టిఫిన్ కట్టేది. స్టీలు డబ్బా, పైన పాలిథిన్ కవరు, కవరుకు రెండు ముళ్లు. రూములో వాళ్లు "ఏం కూర తెచ్చినవ్?" అంటే "మటన్" అనేదాన్ని. నాలుగేళ్లూ అదే మాట. అమ్మ తెల్లవారుజామున లేచి వండిన కూర పేరు మార్చి చెప్పినప్పుడల్లా, అమ్మనే దాచిపెట్టినట్టు అనిపించేది.

"తింటాం ఆంటీ. మా ఇంట్లో ఆదివారం అదే కూర" అన్నాను. ఆంటీ ఇంకేమీ అడగలేదు. అన్నంతో పాటు సగం కూర నా మూతలో పెట్టింది.

ఆ శనివారం మా వంటగదికి వచ్చి నేర్పింది. ఒక పౌను ఖీమా, అంటే మన లెక్కలో 450 గ్రాములు. ఒక పెద్ద కట్ట వాటర్‌క్రెస్. బొటనవేలంత అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు చెంచాల షోయు, చెంచాన్నర చక్కెర. సోయా సాస్‌ను అక్కడ షోయు అంటారు. నూనె వేయలేదు, మాంసంలో ఉన్న కొవ్వే చాలంది.

వాటర్‌క్రెస్ పారే నీళ్లలో పెరిగే ఆకు. కాడ మన తూటికూర కాడలా లోపల బోలుగా ఉంటుంది. పచ్చిది నమిలితే ముల్లంగి ఆకు ఘాటు. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీల కుటుంబమే మరి. ఆంటీ దాన్ని మూడుసార్లు కడిగింది, ప్రతి కాడా విప్పి చూసింది. నత్తలు దాక్కుంటాయని, వాటితో జబ్బు వస్తుందని అక్కడివాళ్లకు భయం ఎక్కువ, ఆ భయం సరైనదే.

మాంసం పెనంలో వేశాక నేను గరిటె పట్టుకుంటే చేతిలోంచి లాక్కుంది. కలపొద్దంది. మొదట మాంసం నీళ్లు వదిలి బూడిదరంగులో ఉడుకుతుంది. ఆ నీళ్లు ఇగిరిపోయే క్షణంలో చప్పుడు మారుతుంది. బుడబుడ పోయి చిటపట మొదలవుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి. అడుగున ఎర్రగా పట్టుకున్నాక ఎక్కువైన కొవ్వు వంపేసి, అల్లం వెల్లుల్లి వేసి, తర్వాత చక్కెర, షోయు. అడుగంటినదంతా షోయు తడికి ఊడివచ్చి మాంసానికి పడుతుంది. కూర రుచంతా అక్కడే ఉంది. ఆ తర్వాత కాడలు వేసి రెండు నిమిషాలు, ఆకులు వేసి స్టవ్ ఆపేయడం. ఆకు వదిలిన నీళ్లే పులుసు. దాన్ని అన్నం మీద పోసుకోవాలి. మన సన్నబియ్యం దీనికి కుదరదు, ముద్దగా అయ్యే కాల్‌రోజ్ బియ్యమే కావాలి.

మరుసటి వారం నేనే వండాను. చేయి అలవాటు కొద్దీ తోటకూరలా ఆకంతా ముందే వేసి మూత పెట్టాను, షోయు పోశాక ఉప్పు కూడా వేశాను. ఆకు నల్లగా పేస్టు అయింది, నోట పెట్టలేనంత ఉప్పు. మూడోసారికి కుదిరింది.

చెరకు తోటల కాలంలో ఇంటినిండా పిల్లలు, కొద్దిగా మాంసం, అందుకే ఆకు ఎక్కువ వేసేవారని ఆంటీ చెప్పేది. ఆ మాట నాకు వివరించక్కర్లేదు. పావుకిలో పెద్దకూరలో రెండు కట్టల పుంటికూర వేసి ఏడుగురికి వడ్డించిన చేయి మా అవ్వది. అసలు ఆవులు కూడా ఆ దీవులవి కావు. 1793లో కెప్టెన్ వాంకూవర్ ఓడలో తెచ్చి కమేహమేహ రాజుకు కానుకగా ఇచ్చినవాటితో మొదలయ్యాయి. మాంసం ఒకచోటిది, సాస్ ఒకచోటిది, ఆకు ఇంకోచోటిది. కూర మాత్రం హవాయిదే.

ఆ ఆకు పండే పొలం చూడాలని హొనొలులు దగ్గరి ఐయేయా వెళ్లాను. సుమిదా ఫార్మ్, 1928 నుంచి ఒకే కుటుంబం సాగు. పెర్ల్‌రిడ్జ్ షాపింగ్ మాల్ పక్కనే పచ్చటి మడులు, పైనుంచి మాల్ మోనోరైల్ పోతుంటుంది. అడుగున ఊట నీళ్లు చల్లగా, కదులుతూ ఉంటాయి. కీటకశాస్త్రం విద్యార్థిగా నన్ను కట్టిపడేసింది ఇంకోటి. మన క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగు ఆ పంటనూ తినేస్తుంటే, మన యూనివర్సిటీవాళ్లు, రైతులు కలిసి పైనుంచి స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లి దాన్ని అదుపులోకి తెచ్చారు. చీకటిపడే వేళ తడిలో ఆ రెక్కల పురుగులు జతకట్టలేవు, గుడ్లు పెట్టలేవు. మందు కొట్టడం బాగా తగ్గింది. రంగారెడ్డి జిల్లా క్యాబేజీ రైతులకు ఈ సంగతి ఇప్పటికీ చెబుతుంటాను.

హైదరాబాద్‌లో వాటర్‌క్రెస్ సులువుగా దొరకదు. సగం తూటికూర, సగం లేత ముల్లంగి ఆకు కలిపి వండుతాను. కాడ ఒకదాంట్లో, ఘాటు ఇంకోదాంట్లో వస్తుంది. అమ్మ తిని "పులుపు లేదు బిడ్డా" అని నిమ్మకాయ పిండుకుంటుంది.

2006 మేలో, వచ్చేసే ముందు వారం, మా అంతస్తులో పాట్‌లక్ పెట్టుకున్నాం, అంటే ఎవరి వంట వాళ్లు తెచ్చి అందరూ కలిసి తినే విందు. మన సెంటర్‌లో పాట్‌లక్ అంటే ప్రతి గిన్నె ముందూ చీటీ ఉండాల్సిందే. పంది తినేవాళ్లు, తిననివాళ్లు, హలాల్ వాళ్లు, గుడ్డు కూడా ముట్టనివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు కాబట్టి ఎవరి గిన్నె సంగతి వాళ్లు రాసిపెట్టాలి. నేను రెండు పెనాల్లో వండాను. ఒకదాంట్లో హాంబర్గర్ వాటర్‌క్రెస్. ఇంకోదాంట్లో, బీఫ్ తినని నేపాల్ తమ్ముడి కోసం, టోఫుతో అదే ఆకు. గరిటెలు కూడా వేర్వేరు పెట్టాను. మొదటి గిన్నె ముందు చీటీ మీద ఇంగ్లిషులో బీఫ్ అని రాసి, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో పెద్దకూర అని రాశాను. నేపాల్ తమ్ముడు చీటీ చూసి, నవ్వి, రెండో గిన్నెలోది వడ్డించుకుని నా పక్కనే వచ్చి కూర్చున్నాడు.

ఆంటీ కళ్లజోడు సర్దుకుని ఆ గుండ్రటి అక్షరాలను చూసింది. "ఇది ఎలా చదవాలి?" అని అడిగింది. చెప్పాను. ఒకసారి "పెదకుర" అంది. కాదు, ఇంకొంచెం ఒత్తి అనాలి ఆంటీ అన్నాను. మళ్లీ అంది. మూడోసారికి, మా అమ్మ అన్నంత స్పష్టంగా, అందరికీ వినిపించేలా "పెద్దకూర" అంది.