పండుగలో పిల్లల వాటా

పండుగ దగ్గరపడుతోందంటే ఇంట్లో పెద్దవాళ్ళకు పని పెరుగుతుంది, పిల్లలకు ఉన్న పని కూడా పోతుంది. బడికి సెలవులు ఇస్తారు, మనం కొత్త బట్టలు కుట్టిస్తాం, తలంటి పోసి ఫొటోలు తీస్తాం, ఆ తరువాత "ఇక్కడ నూనె కాగుతోంది, అవతలికి పో" అంటూ ఫోను చేతికిచ్చి హాల్లో కూర్చోబెడతాం. తెనాలి పక్కన పల్లెలో పెరిగిన నాకు చిన్నప్పుడు ఈ పరిస్థితి ఎదురుకాలేదు. పేడ తేవడం, గుమ్మడిపూలు కోసుకురావడం, భోగిమంటకు ఎండుకర్రలు పోగుచెయ్యడం, అరిసెల పిండి దంచుతుంటే జల్లెడ పట్టడం వంటివి ఎవరూ పురమాయించకుండానే పిల్లల వాటాకు వచ్చేవి. విజయవాడలో నాలుగో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు వాకిలీ లేదు, రోలూ లేదు, గొడ్ల చావిడి అసలే లేదు. అందుచేత ఆ వాటాను పెద్దవాళ్ళే పూనుకుని పిల్లలకు తిరిగి అప్పగించవలసి వస్తోంది. మా ఇంట్లో సంక్రాంతికి మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏడేళ్ళ అమ్మాయికీ నాలుగేళ్ళ అబ్బాయికీ ఏటా తమవే అయిన పనులు ఉండాలి, వాళ్ళు చెయ్యకపోతే పండుగలో ఆ భాగం జరగకూడదు.

ఈ రెండో మాటే ముఖ్యమని నా అభిప్రాయం. పిల్లలకు ఊరికే కాలక్షేపంగా ఇచ్చిన పనికీ, నిజంగా ఇంటికి అవసరమైన పనికీ తేడా వాళ్ళు ఇట్టే కనిపెడతారు. రంగు కాగితాలు కత్తిరించి గోడకు అంటించమంటే గంటసేపు చేస్తారు, మరునాడు మరచిపోతారు. అదే భోగిమంటలో వెయ్యవలసిన పిడకల దండ తన బాధ్యత అని తెలిసిన పిల్ల మాత్రం డిసెంబరు నుంచే మన వెంటపడుతుంది.

ఆ దండ మా అమ్మాయి పని. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవగానే ఒక ఆదివారం పొద్దున్నే పాల డెయిరీ నుంచి బకెట్టుతో పేడ తెస్తాం. అరచేతిలో ఇమిడేంత చిన్న ముద్దలు చేసి, వాటిని గారెల్లాగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, డాబా మీద పాత గోనెసంచిపై వరసలుగా ఆరబెడతాం. శీతాకాలపు మంచు పడుతుంది కనుక సాయంత్రం కాగానే వాటిని మెట్ల గదిలోకి చేర్చాలి, పొద్దెక్కాక మళ్ళీ బయట పెట్టి తిరగెయ్యాలి. ఒక వైపు ఎండి రెండో వైపు పచ్చిగా ఉన్న పిడక దండకు గుచ్చేటప్పుడు విరిగిపోతుందని ఆ పిల్లకు ఇప్పుడు నాకంటే బాగా తెలుసు. మొదట్లో పేడ ముట్టుకోవడానికి ముక్కు మూసుకున్నది కాస్తా, ఇప్పుడు కింది ఫ్లాటు పిల్లలకు తట్టడం నేర్పుతోంది. ఇవే పిడకలు దండలుగా బజారులోనూ ఆన్‌లైనులోనూ అమ్ముతున్నారు. సమయం లేనివాళ్ళు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు గాని, కొన్న దండ కోసం భోగి నాడు తెల్లవారుజామున ఏ పిల్లా ఎవరూ లేపకుండా లేవదు.

మంట విషయంలో పిల్లలకు చెప్పిన కట్టుబాటు కూడా ఉంది. మా భవనం వెనక ఖాళీ స్థలంలో అందరిదీ ఒకటే మంట. అందులో ఎండుకర్రలు, పిడకలు, విరిగిన చెక్క సామాను తప్ప టైర్లు గాని ప్లాస్టిక్కు గాని పడకూడదు. పెద్దవాళ్ళు ఎవరైనా పాత ప్లాస్టిక్కు కుర్చీ తెచ్చినా "అంకుల్, అది వెయ్యకూడదండీ" అని అడ్డుపడే అధికారం పిల్లలకే ఇచ్చాం. మనం చెబితే నొచ్చుకునేవాళ్ళు పిల్లలు చెబితే నవ్వుతూ వెనక్కి తీసుకుపోతారు.

ఇక మా సంక్రాంతిలో పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసేది బొమ్మల కొలువు కోసం. కొన్ని ప్రాంతాల్లో, కొన్ని ఇళ్ళలో కొలువు దసరాకు పెడతారు. మా అత్తవారింట్లో మొదటి నుంచీ సంక్రాంతికే. భోగి నాడు మూడు గాని అయిదు గాని మెట్లు కట్టి, తెల్లని పంచె పరచి, పై మెట్టు మీద దేవుళ్ళను, కిందికి వచ్చేకొద్దీ మనుషులను, పశువులను, సంతను, పొలాన్ని అమర్చడం మా అత్తగారి పద్ధతి. దానికి మేము చేర్చుకున్నది ఏటా ఒక్క కొత్త బొమ్మ. ఆ బొమ్మను కొండపల్లిలోనే కొనాలి, పిల్లలిద్దరూ కలిసి ఎంచుకోవాలి, ఒక మాట మీదికి వచ్చేదాకా ఇంటికి తిరిగి రాకూడదు. విజయవాడ నుంచి కొండపల్లి సుమారు 20 కిలోమీటర్లే కనుక సెలవుల్లో ఒక పూట సరిపోతుంది.

కొనడం కంటే చూడడానికి ఎక్కువ సమయం పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అక్కడ బొమ్మలు చేసే ఇళ్ళ అరుగుల మీదే పని జరుగుతుంటుంది, మర్యాదగా అడిగితే పిల్లలను దగ్గర కూర్చోనిస్తారు. తెల్లపొణికి అనే తేలికైన కర్రను ఆరబెట్టి, శరీరం ఒక ముక్కగా, చేతులు మరొక ముక్కగా విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో చేసిన మక్కుతో వాటిని అతికి, పైన సున్నం పూత పూసి, ఆరిన తరువాత సన్నని కుంచెలతో రంగులు వేస్తారు. ఎద్దు కొమ్ము వేరుగా వచ్చి తలకు అతుక్కోవడం చూసిన మా అబ్బాయి, బొమ్మ అంటే దుకాణంలో పుట్టేది కాదని ఆ రోజే గ్రహించాడు. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు, ఇలా ఎన్నో ఉంటాయి. ఏది కొనాలన్న దాని మీద అక్కా తమ్ముళ్ళ వాదన ఎంతసేపు సాగినా మేము కలగజేసుకోము. పోయిన ఏడు అమ్మాయి అంబారీ ఏనుగు అంటే అబ్బాయి బండి అన్నాడు. చివరకు ఏనుగు ఈ ఏడు, బండి వచ్చే ఏడు అన్న ఒడంబడిక తనంతట తానే కుదిరింది. ఆ బొమ్మ అడుగున కొన్న సంవత్సరం పెన్సిలుతో రాస్తాం. కొలువులో దాని చోటు వాళ్ళే నిర్ణయిస్తారు, అది ఏనుగును వినాయకుడి పక్కన పెట్టినా, వంట చేస్తున్న అమ్మాయి పక్కన పెట్టినా సరే. మొదట ఇది మా అత్తగారికి నచ్చలేదు. "మెట్టు వరస తప్పుతోందే అమ్మాయ్" అన్నారు గాని, "నానమ్మా, ఏనుక్కి ఆకలేస్తోంది, అందుకే వంటింటి దగ్గర పెట్టా" అని మనుమడు చెప్పాక ఆవిడే ఏనుగు ముందు ఒక చెరకు ముక్క పెట్టారు.

అరిసెల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. బెల్లం పాకం, కాగే నూనె రెండూ పిల్లలకు దూరంగా ఉండవలసినవే కాబట్టి, వాళ్ళ పని ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. తడిబియ్యప్పిండి పాకంలో కలిపి చలిమిడి చేసి కాస్త చల్లారిన తరువాత, ఉండను నూనె రాసిన అరిటాకు మీద పెట్టి నువ్వులు అద్ది వేళ్ళతో ఒత్తడం మా అబ్బాయి పని. వాడు ఒత్తిన అరిసెలు గుండ్రంగా రావు, ఒకటి పలచగా, ఒకటి మందంగా వస్తుంది, మందమైనవి లోపల సరిగా వేగవు. వాటిని విడిగా ఒక డబ్బాలో పెట్టి ముందు మేమే తింటాం. చుట్టాలకు పంపే డబ్బాలో మాత్రం వాడు చేసినవాటిలో బాగా వచ్చినవి తప్పకుండా రెండు వేస్తాం. పొయ్యి ఎత్తుకు అందని పిల్లవాడికి సున్నుండలు ఇంకా సులువు, వేయించిన మినప్పిండిలో బెల్లం, నెయ్యి పెద్దవాళ్ళు కలిపి ఇస్తే ఉండలు చుట్టడమే మిగులుతుంది.

భోగిపళ్ళు మా అబ్బాయికి పోసేది ఇక ఈ ఒకటి రెండేళ్ళే. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానిన శనగలు, చిల్లర నాణేలు కలిపి దిష్టి తీసి తల మీద పోస్తారు. కింద పడిన నాణేలను, శనగలను ఏరుకునే చంటిపిల్లలు వాటిని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కనుక, మేము నాణేలను చిన్న గుడ్డసంచిలో కట్టి ఒడిలో పెడుతున్నాం. శాస్త్రం తప్పిందని ఎవరూ అనలేదు.

ముగ్గుల దగ్గర మాత్రం నగరం మాకు మేలే చేసింది. మా అంతస్తులో వసారా పొడవునా నున్నటి పలకలు ఉన్నాయి, ముగ్గుపిండి వేస్తే అడుగుల కింద పడి జారుతుందని సుద్దముక్కలతో వేస్తున్నాం. సుద్దముక్క చేతికి వచ్చాక చుక్కల ముగ్గు పిల్లలకు లెక్కల ఆట అయిపోయింది. మధ్య వరసలో 7 చుక్కలు పెట్టి రెండు వైపులా సందు చుక్క (చుక్కల సందుల్లో, వరసకు ఒకటి తగ్గిస్తూ) 4 వరకు వేస్తే మొత్తం 37, అదే 7 చుక్కల నుంచి ఎదురు చుక్క (చుక్కకు ఎదురుగా చుక్క, వరసకు రెండు తగ్గిస్తూ) 1 వరకు వేస్తే 25 అని మా అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంది. కనుమ నాడు రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి రథానికి కలపడం పాత ఆచారం. మా వసారాలో అది నాలుగు ఫ్లాట్లనూ కలుపుతుంది. ప్రతి ఇంటి ముందు రథం ఆ ఇంటివాళ్ళు వెయ్యాలి, తాడు మాత్రం పిల్లలు గియ్యాలి. ఆ తాడు గియ్యడానికి ఎదురింటి తలుపు తట్టి, "మామ్మగారూ, మీ రథం అయిందాండీ?" అని అడగవలసి వస్తుంది. ఏడాది పొడవునా లిఫ్టులో తల వంచుకుని నిలబడే పిల్లలకు ఆ ఒక్క రోజు అంతస్తు మొత్తం మీద పెత్తనం దొరుకుతుంది.

మేము వదిలేసినవి కూడా ఉన్నాయి. కోడిపందేలకు పిల్లలను తీసుకువెళ్ళము, చుట్టాలు ఎంత బతిమాలినా సరే. అది చట్టం ఒప్పని పని, పైగా పిల్లలు చూడదగినదీ కాదు. గాలిపటాలకు నూలు దారమే కొంటాం. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. పండుగకు ముందు జరిగే పుస్తక మహోత్సవంలో తలా ఒక పుస్తకం కొనిపెట్టడం ఇటీవల మొదలుపెట్టాం గాని, అది ఆచారంగా నిలుస్తుందో లేదో ఇంకా చూడాలి. ఇన్ని పెట్టుకుంటే అన్నీ జరగవు, జరగనివాటి కోసం పెద్దవాళ్ళు పిల్లలను కసురుకుంటారు, అప్పుడు పండుగ వాళ్ళకు పరీక్షలాగే ఉంటుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజు ప్రయాణాలు లేవు. మినపగారెలు తిని, పిచ్చుకలు వస్తాయన్న ఆశతో బాల్కనీలో వరికంకుల కుచ్చు కడతాం. ఇప్పటికి వచ్చినవి ఎక్కువగా పావురాలే. మరునాడు కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టి, మిగిలినవాటిని పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దేటప్పుడు మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఏ బొమ్మ కొన్నాం, ఎన్ని పిడకలు విరిగాయి, ఏ ముగ్గు వేశాం, వచ్చే ఏడు ఏమి మార్చాలి అన్నవన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. దసరా తేదీ ఏటా మారుతుంటే సంక్రాంతి 14నో 15నో ఎందుకు వస్తుందని అడిగితే వాళ్ళ నాన్న చెప్పిన జవాబు కూడా అందులో ఉంది: దసరా తిథిని బట్టి వస్తుంది, ఇది సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు. ఈ ఏటి పేజీలో చివరి పంక్తి తమ్ముడి గురించి: వచ్చే డిసెంబరులో పిడకలకు చిల్లు పెట్టే పని వాడిదట, తట్టడం మాత్రం ఇంకా తనదేనట.