క్యోటోలో కోతో ముందు గంటసేపు

నిన్న క్యోటోలో కోతో అనే జపనీస్ తీగవాయిద్యం క్లాస్‌కి వెళ్ళాను, గంటే గానీ ఆ నాదం ఇంకా చెవుల్లోంచి పోవట్లేదు. దాదాపు ఆరడుగుల చెక్క, 13 తీగలు, ఒక్కో తీగ కింద దాన్ని ఎత్తిపట్టే ఒక్కో చిన్న ఊత, దాన్నే గుర్రం అంటారు, అది కాస్త జరిపితే శ్రుతే మారిపోతుంది. కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి తీగ మీటే గోళ్ళు తొడిగారు టీచర్‌గారు, నాకు వదులైతే ఇంకో సైజు వెతికి మరీ పెట్టారు. నొటేషన్‌లో ఉండేవి తీగల నంబర్లే, చివరి మూడిటికి మాత్రం తో, ఇ, కిన్ అని పేర్లు. ఆవిడ గుర్రానికి అవతల ఎడమచేత్తో తీగ నొక్కగానే స్వరం అలా పైకి లేచింది, చిన్నప్పుడు అమ్మమ్మ వీణ మీద తీగ లాగి గమకం పలికించడం గుర్తొచ్చి కళ్ళు చెమర్చేశాయి నిజంగా. నేను నొక్కితే సగమే లేచింది. "మో ఇచిదో" అన్నారు, అంటే ఇంకోసారి అని, ఎన్నిసార్లన్నారో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వేలి మీద తీగ గీత ఇంకా కనపడుతోంది.