మూడో వంతు సరే, ఖర్చుల సంగతేమిటి?

అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక చిన్న లా ఆఫీసులో లెక్కలు చూస్తాను. ప్రమాదాల్లో గాయపడినవాళ్ల పరిహారం కేసులే ఎక్కువ. గెలిస్తే వచ్చిన సొమ్ములో మూడో వంతు లాయరు ఫీజు అన్నది ఇక్కడి మామూలు ఒప్పందం. తెలుగువాళ్లు వస్తే మాట సాయానికి నన్నూ పిలుస్తారు. "గెలిస్తేనే ఫీజు కదమ్మా, ఓడితే పైసా ఇవ్వనక్కర లేదు కదా?" అన్నది అందరూ మొదట అడిగేది. ఫీజు వరకు నిజమే. ఖర్చుల కథ వేరు.

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమాస్తా. కోర్టు స్టాంపులు, సమన్ల బత్తా, నకళ్ల ఖర్చు ఎప్పటికప్పుడు కక్షిదారు దగ్గర తీసుకొని పద్దు రాసేవారు. ఫీజునూ ఖర్చునూ ఒకే పద్దులో కలిపితే ఆయనకు మహా కోపం. గెలుపులో వాటా మాట్లాడుకోవడం అక్కడ ఎలాగూ కుదరదు, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఒప్పుకోవు. అయినా మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక వాహన ప్రమాద పరిహారం వ్యవహారంలో, వచ్చిన సొమ్ములో శాతం లెక్కన ఫీజు అడగడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫీజు కింద తీసుకున్న చెక్కు మీద లాయరు వేసిన కేసును కొట్టేసింది.

అమెరికాలో క్రిమినల్, విడాకుల కేసుల్లో తప్ప ఇలా గెలుపులో వాటా తీసుకునే పద్ధతికి అభ్యంతరం లేదు. కాకపోతే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. శాతం ఎంతో, ఏ ఖర్చులు మినహాయిస్తారో, ఆ మినహాయింపు ఫీజు లెక్కకట్టక ముందో తర్వాతో అందులో చెప్పాలి. శాతం గురించి గంట సేపు బేరమాడేవాళ్లు కూడా ఈ చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి సంతకం పెట్టేస్తారు.

90,000 డాలర్లకు రాజీ కుదిరిందనుకోండి. ఖర్చులు 9,000. మొత్తం మీద మూడో వంతు తీస్తే ఫీజు 30,000, ఖర్చులు పోగా మీకు 51,000. ఖర్చులు ముందే తీసేసి మిగిలిన 81,000 మీద లెక్కిస్తే ఫీజు 27,000, మీకు 54,000. న్యూజెర్సీలో గాయాల కేసులకు ఈ రెండో లెక్కే కోర్టు నియమం. మొదటి 7,50,000 డాలర్ల మీద మూడో వంతుకు మించి తీసుకోకూడదు, ఆపైన శాతం తగ్గుతూ వస్తుంది. టెక్సస్‌లో ఉన్న మా మరిది తన ఒప్పందం పంపితే చూశాను, అందులో మొత్తం మీదే లెక్క. ఏ రాష్ట్రమో చూసుకోకుండా స్నేహితుల కేసుతో పోల్చుకుంటే తల నొప్పే.

ఖర్చులంటే ఏవో జెరాక్సు కాగితాలు కాదు. ఇక్కడి రాష్ట్ర కోర్టులో దావా వేయడానికి 250 డాలర్లు, ఫెడరల్ కోర్టులో 405. అవి చిన్నవే. వాంగ్మూలాల టైపు ప్రతులకు పేజీ లెక్కన బిల్లు వస్తుంది. అసలు బరువు గాయం గురించి కేసు కోసం నివేదిక రాసిచ్చే నిపుణులైన డాక్టర్లది. మంచు మీద జారి తుంటి విరిగిన ఒక పెద్దాయన చివరి లెక్క కాగితం మీద వేలు పెట్టి, "ఈ డాక్టరు నన్ను చూసింది పది నిమిషాలే కదమ్మా, ఇన్ని వేలా?" అన్నారు. చూసినందుకు కాదు బాబాయిగారూ, నివేదిక రాసినందుకు అని చెప్పి రసీదు చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. నాకూ పూర్తిగా ఒప్పుదలేమీ లేదు.

ఓడిపోతే? లాయరు ముందుగా పెట్టిన ఖర్చును గెలిస్తేనే తిరిగి తీసుకుంటానని రాసుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి, కానీ అలాగే రాయాలని బలవంతం చేయవు. ఆ వాక్యం మీ ఒప్పందంలో లేకపోతే ఓడినా బిల్లు రావచ్చు. పెట్టిన ఖర్చు మీద వడ్డీ వేస్తారా అన్నదీ అప్పుడే అడగండి. మధ్యలో లాయరును మార్చుకునే హక్కు మీకుంది. కానీ పాత ఆఫీసు పెట్టిన ఖర్చు మాఫీ అయిపోదు. పరిహారం వచ్చాక కొత్త లాయరు ఖర్చుతో పాటు దాన్నీ అందులోంచే అడుగుతారు.