బూజు లేని కోట

ఆదివారం. వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేస్తూ హామర్ అనే బ్రిటిష్ కంపెనీ తీసిన 1958 నాటి సినిమా ‘డ్రాక్యులా’ పెట్టాను. భయపడదామనే పెట్టాను గానీ, కాసేపటికే చూపంతా గోడల మీదికీ స్తంభాల మీదికీ పోయింది.

కోటలో బూజన్నదే లేదు! రక్తం తాగేవాడి కొంప, పండగకు కడిగి ముగ్గేసిన ఇల్లులా ఉంది. కళాదర్శకుడు బెర్నార్డ్ రాబిన్సన్. తీసింది విండ్సర్ దగ్గర, థేమ్స్ ఒడ్డున ఉన్న బ్రే స్టూడియోలో. స్టూడియో అంటే ఒక పాత బంగళా, దాని పక్కన ఇరుకు ఫ్లోర్లు, అంతే. సినిమా మొత్తానికి ఖర్చు సుమారు 81 వేల పౌండ్లు. 1957 నవంబరులో మొదలుపెట్టి కొత్త సంవత్సరం వచ్చేసరికి దాదాపు ముగించారు. ఆ వెంటనే అవే సెట్లకు రూపు మార్చి ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా ఒకటి తీశారు. పిసినారితనమే అనుకోండి, కానీ తెర మీద ఎక్కడా పేదరికం కనిపించదు.

డ్రాక్యులా వేషం వేసిన క్రిస్టఫర్ లీకి మాటలు బహు తక్కువ. కళ్లకు ఎర్ర లెన్సులు పెడితే ఆయనకు దారే సరిగా కనిపించేది కాదట.

నాకు అన్నిటికంటే నచ్చింది చివరి పోరు. డ్రాక్యులాను వేటాడే వాన్ హెల్సింగ్ వేషం వేసిన పీటర్ కుషింగ్‌కు, ప్రతిసారీ జేబులోంచి శిలువ తీయడం శిలువలు అమ్ముకునేవాడి వాలకంలా తోచిందట. పొడవాటి బల్ల మీద పరుగెత్తి కర్టెన్లు లాగేయడం, రెండు కొవ్వొత్తి స్తంభాలను అడ్డంగా పట్టి శిలువ చేయడం ఆయన ఆలోచనలే. ఎండ పడగానే డ్రాక్యులా తన ముఖం తానే గీరుకుంటాడు. లీ ముఖానికి ముందు ఎర్రరంగు పూసి, దాని మీద చర్మం రంగు మైనం పలచగా అద్దారు. శవాలకు మెరుగులు దిద్దేవాళ్లు వాడే మైనమది. వేళ్లతో గీరితే కింది ఎరుపు చారలుగా బయటపడుతుంది. సెన్సారు కత్తెరకు పోయిన ఈ ముక్క టోక్యో ఆర్కైవ్‌లో, 1984 అగ్నిప్రమాదంలో మిగిలిన రీళ్లలో దొరికింది. 2012లో మళ్లీ అతికించారు. అక్కడ ఇస్త్రీ ఆపి, వెనక్కి తిప్పి మరీ చూశాను.

రాత్రి తమ్ముడికి ఫోనులో ఈ బల్ల మీది పరుగు కుషింగ్ ఆలోచనేనన్న సంగతి చెప్పాను. “మరి రచనలో ఆయన పేరు వేశారా?” అని అడిగాడు. వేయలేదు. స్క్రీన్‌ప్లే కింద జిమ్మీ సాంగ్‌స్టర్ పేరొక్కటే ఉంది.