అరంగుళం క్రాక్

బాలానగర్‌లో నేను పనిచేసే షాపులో నా డ్యూటీ చీకటి గదిలో, లోహపు పార్టుల్లో క్రాకులు (పగుళ్లు) వెతకడం. పార్టుకి పెనట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి మెరిసే ద్రవం) పట్టించి, అది ఇంకేదాకా ఆగి, కడిగి, ఇంకినదాన్ని పైకి లాగే డెవలపర్ చల్లి, యూవీ లైటు కింద తిప్పి చూడాలి. క్రాక్ ఉంటే పచ్చగా గీత మెరుస్తుంది. వారాల తరబడి ఏ గీతా కనపడదు. ఈ పనిలో కష్టం అదే. ఏమీ ఉండదని మనసు ముందే తీర్మానించుకున్నాక కూడా కన్ను చూస్తూనే ఉండాలి.

ఎక్కడైనా విమానం ఇంజన్ ఫెయిలైందంటే అందరూ పైలట్ ఏం చేశాడని అడుగుతారు. నాకు అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 232 గుర్తొస్తుంది. 1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న మూడింజన్ల డీసీ-10 విమానం అది. తోకలోని ఇంజన్ ఫ్యాన్ డిస్క్ (ఫ్యాన్ బ్లేడ్లు బిగించే చక్రం) పగిలి, ఆ ముక్కల దెబ్బకి విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లూ పోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం మిగిలిన రెండు ఇంజన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా లాక్కొచ్చింది. దిగేటప్పుడు విమానం కూలింది. 296 మందిలో 184 మంది బతికారు. ఆ కథ చాలామంది చెప్పారు. నా ధ్యాసంతా ఆ డిస్క్ మీదే.

168 కిలోల టైటానియం చక్రం అయోవా మొక్కజొన్న చేలల్లో ఎక్కడో పడింది. దొరకలేదు. బహుమతి కూడా ప్రకటించారు. చివరికి అక్టోబర్‌లో, ఆల్టా అనే ఊరి దగ్గర, కోతలప్పుడు ఒక రైతు మహిళకి కనపడింది.

ల్యాబ్‌లో విరిగిన అంచుని చూస్తే, మొదలు 1971లో ఆ లోహం కరిగించినప్పటి లోపం. నైట్రోజన్ ఎక్కువై పెళుసైన చిన్న మచ్చ. ప్రతి ఫ్లైట్‌కీ కాస్త కాస్త పెరుగుతూ 15,503 సార్లు ఎగిరాక విడిపోయింది. ఈలోగా నేను చేసేలాంటి పెనట్రెంట్ తనిఖీలు ఆరు జరిగాయి. 1988 ఫిబ్రవరిలో ఆఖరిసారి చూసినప్పటికి క్రాక్ పైకి దాదాపు అరంగుళం ఉండాలని అంచనా.

అరంగుళమంటే నాకు గోరంత కాదు, గోడంత!

ఇంకా కలవరపెట్టింది ఏంటంటే, ఆ పగులు లోపల పెనట్రెంట్ ఆనవాళ్లు దొరికాయి. మందు లోపలికి వెళ్లింది. మనిషికే కనపడలేదు. డిస్క్‌ని మధ్య రంధ్రంలోంచి కేబుల్‌తో వేలాడదీసి చూసేవాళ్లట. క్రాక్ ఆ రంధ్రం లోపలి అంచునే. సరిగ్గా తిప్పకపోతే కేబుల్ ఆనిన చోటు చాటునే ఉండిపోతుంది. తనిఖీ పద్ధతుల్లో మనిషి పరిమితులని తగినంతగా పట్టించుకోలేదని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసింది. అది చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను, నిజం చెప్పాలంటే.

మేమూ పెద్ద పార్టులని స్లింగు మీదే వేలాడదీస్తాం. ఇప్పుడు స్లింగు జరిపించి, ఆ ఆనిన చోటు మళ్లీ చూస్తున్నాను. ఒక్కోదానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. నిన్న సాయంత్రం తలుపు బయటి నుంచి కేక: "అన్నా, లారీ వచ్చి గంటైంది, ఇంకా ఎన్నున్నాయి?"

ఇంకా నాలుగున్నాయి, ఆగమన్నాను.