బంతి మన దగ్గర లేనప్పుడు

మన బడిలో ఫుట్‌బాల్ ఆడినవాళ్లను, ఏ బ్యాచ్ వాళ్లనైనా సరే, కదిలించి చూడండి. కొట్టిన గోల్స్ కంటే ముందు పీఈటీ సారు అడిగే ప్రశ్న గుర్తు చేసుకుంటారు. "నీ ఎనక ఎవరున్నరు బిడ్డా?" ప్రాక్టీసులో పాస్ మన వైపు వస్తుండగానే సారు ఈల ఊది ఆట ఆపేసేవారు. తల తిప్పకుండా జవాబు చెప్పాలి. వెనక డిఫెండర్ ఉన్నాడా, ఎంత దూరంలో ఉన్నాడు, కుడివైపు మనవాళ్లలో ఖాళీగా ఉన్నది ఎవరు? చెబితే ఆట సాగేది. చెప్పలేకపోతే బంతి అవతలి జట్టుకు వెళ్లిపోయేది.

మన పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట తట్టింది ఈ ప్రశ్నే. టైం ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్లు జీవితంలో చాలామంది తగిలారు. ఆఫీసులో దానికోసం ట్రైనింగులు కూడా పెట్టారు. వాటన్నిటికంటే మన గ్రౌండ్‌లో సాయంత్రం పూట నేర్చుకున్నదే నాకు ఇప్పటికీ ఎక్కువ పనికొస్తోంది. అది ఎలా నేర్పారో ఇప్పటి పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ తెలియాలని రాస్తున్నాను.

ముందు ఆ ప్రాక్టీసు ఎలా ఉండేదో చెబుతాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి పాసులు ఇచ్చుకునేవాళ్లం. మూడోవాడు మన వెనకాల కాస్త దూరంలో నిలబడి చెయ్యెత్తి వేళ్లు చూపించేవాడు. బంతి మన దగ్గరకు చేరేలోపు ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూసి, వేళ్లెన్నో గట్టిగా అరిచి, ఆ తర్వాతే బంతి అందుకోవాలి. మొదట్లో వేళ్లు చూస్తే బంతి పాదం పక్కనుంచి జారిపోయేది. బంతినే చూస్తే వేళ్లు కనపడేవి కావు. మూడోవాడు వేళ్లు మారుస్తూ ఉంటాడు కాబట్టి ఊహించి చెప్పడమూ కుదరదు. కొన్ని వారాలు అలా గడిచాక అర్థమైంది. బంతి ఎదుటివాడి కాలు వదిలి మన కాలు చేరేదాకా ఒక చిన్న ఖాళీ ఉంటుంది. మన కళ్లు ఖాళీగా ఉండేది ఆ కాసేపే. ఆ కాసేపట్లో చూసినవాడికి బంతి అందాక తడబాటు ఉండదు. చూడనివాడు బంతి ఆపి, తలెత్తి, ఆలోచించేసరికి మీదకి ఇద్దరు వచ్చి పడతారు.

90 నిమిషాల మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది సగటున మూడు నిమిషాల లోపే. మిగతా సమయమంతా అతను బంతి లేకుండానే ఆడతాడు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఊపిరి తీసుకోవాలి అన్నవన్నీ అప్పుడే తేలతాయి. సారు దృష్టంతా ఆ మిగతా సమయం మీదే. గోల్ కొట్టినవాడి భుజం తట్టేవారు, కానీ ఆ గోల్‌కు దారి ఇవ్వడానికి డిఫెండర్‌ను పక్కకు లాక్కెళ్లినవాడి పేరు పెట్టి పిలిచి అందరి ముందూ మెచ్చుకునేవారు.

ఈ పద్ధతి సారు సొంతంగా కనిపెట్టింది కాదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఫుట్‌బాల్ అంతా ఏదో ఒక దారిన రహీం సాబ్ దగ్గరకే వెళ్లి చేరుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం స్వతహాగా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉండి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, అప్పట్లో బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్ గెలిపించారు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుర్రాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు, చేతకాని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవారు. మన సారు ఆ తరం ఆటను చూసి పెరిగినవారు. అందుకే మనకూ శనివారం మధ్యాహ్నం రెండు టచ్‌ల ఆట ఉండేది. ఒక టచ్‌తో బంతి ఆపాలి, రెండో టచ్‌తో ఇచ్చేయాలి. మూడోసారి తాకితే ఫౌల్. తనకొచ్చిన బంతిని ఎంతసేపు దగ్గర పెట్టుకోవాలో తెలియనివాడు ఎంత గొప్పగా డ్రిబ్లింగ్ చేసినా ఆ ఆటలో నిలబడలేకపోయేవాడు.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ వైపు నుంచి వచ్చే మా బ్యాచ్ పిల్లలకు బలరాం పేరు వింటేనే ఒళ్లు పులకరించేది. తులసీదాస్ బలరాం ఆ ప్రాంతంలోనే పుట్టి, ఫార్వర్డ్‌లు చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిసి భారత ఫుట్‌బాల్ జట్టు దాడిని నడిపినవాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో రాత్రంతా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

సారు చెప్పిన పాత కథల్లో నా మనసులో బాగా నాటుకుపోయింది 1948 లండన్ ఒలింపిక్స్‌ది. స్వతంత్ర భారత జట్టు, ఎక్కువమంది ఉత్త కాళ్లతో, ఫ్రాన్స్‌తో సమానంగా పోరాడింది. రెండు పెనాల్టీలు చేజారాయి. అయినా స్కోరు 1-1. 89వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ కొట్టి గెలిచింది. ఆ రోజుల్లో మన దేశంలో మ్యాచ్‌లు 70 నిమిషాలే ఆడేవారు, అక్కడేమో 90. "ఆఖరి ఇరవై నిమిషాలు మనోళ్లకు అలవాటు లేనియి" అనేవారు సారు. మ్యాచ్ పోవడానికి అదొక్కటే కారణమని కాదు, ఆయన కూడా అలా అనలేదు. కానీ మన స్కూలు మ్యాచ్ గంటసేపే అయినా ప్రాక్టీసు మాత్రం గంటన్నర ఉండేది. ఎంతసేపు పని చేయాలో అంతసేపు కూర్చునే అలవాటు ముందే ఉండాలన్నది నాకు అక్కడే ఒంటబట్టింది. పబ్లిక్ పరీక్షలకు నెల ముందు నుంచి, పరీక్ష జరిగే వేళకే, లేవకుండా పాత ప్రశ్నపత్రాలు రాసి చూసుకునే పద్ధతి మా టీమ్ వాళ్లకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

టెన్త్ అంటే ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసిందే. 1994 జూన్‌లో మేము టెన్త్‌లోకి వచ్చేసరికి సగంమంది ఇళ్లలో ఆట మానేయమన్నారు. సారు ఆ తల్లిదండ్రులతో వాదించలేదు. మమ్మల్నే పిలిచి, బడి విడిచాక రాత్రి పడుకునేదాకా ఏం చేస్తున్నామో వారం పాటు ఉన్నదున్నట్టు రాసి తెమ్మన్నారు. తెచ్చాం. ఆట ఉన్న రోజుల్లో కంటే ఆట లేని రోజుల్లోనే ఎక్కువ టైం ఎటో పోతోందని ఆ కాగితాల్లో కనిపించింది. ఆట లేని రోజు ఇంటికెళ్లి, ఏదో తిని, గల్లీలో నిలబడి, టీవీ ముందు కూర్చుని, ఎనిమిదింటికి పుస్తకం తీసేవాళ్లం. ఆట ఉన్న రోజు ఆరున్నరకు స్నానం చేస్తే ఏడింటికల్లా పుస్తకం ముందు ఉండేవాళ్లం, ఎందుకంటే తొమ్మిదిన్నరకు నిద్ర ముంచుకొస్తుందని తెలుసు. ఆ కాగితాలనే సారు మా ఇళ్లకు పంపారు. మా నాన్న రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా నా బూట్లు సజ్జ మీద నుంచి దించి ఇచ్చారు.

మా అందరిలోకీ టైం విలువ బాగా తెలిసింది మా గోల్‌కీపర్‌కు. తెల్లవారుజామున ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. మాలా అతనికి ట్యూషన్లు లేవు, పొద్దున చదువుకునే వీలూ లేదు. గోల్‌కీపర్ పని కూడా చూసేవాళ్లకు ఊరికే నిలబడ్డట్టే ఉంటుంది. అతను మాత్రం ఆటంతా మాట్లాడుతూనే ఉండేవాడు. ఎవరు ముందుకెళ్లారు, ఎవరు వెనక్కి రావాలి, ఎవరిని ఎవరు పట్టుకోవాలి అన్నది మా అందరికంటే అతనికే బాగా కనపడేది. అతను డైవ్ చేసిన సందర్భాలు తక్కువ. ఎందుకంటే బంతి ఎటు రాబోతోందో అటు ముందే జరిగి ఉండేవాడు. చదువులోనూ అంతే. లాంగ్ బెల్‌లో పది నిమిషాలు దొరికితే ఆ పది నిమిషాల్లో ఏం చదవాలో ముందే అనుకుని ఉండేవాడు, పుస్తకం తెరవగానే సరాసరి ఆ పేజీకే వెళ్లేవాడు. ఏది చదవాలా అని వెతుక్కోవడానికే మాకు సగం టైం పోయేది. మొన్నటి సీజన్ నుంచి కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇచ్చే రూల్ వచ్చిందని విని మొదట అతనికే ఫోన్ చేశాను. తనకు నాలుగు చాలని అన్నాడు. ఆ మాట నిజం, నేను చూశాను.

మేము టెన్త్‌లోకి వచ్చిన ఆ 1994లోనే అమెరికాలో వరల్డ్ కప్ జరిగింది. బ్రెజిల్, ఇటలీ ఫైనల్ మన టైం ప్రకారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలు, తెల్లారితే సోమవారం బడి. చూడొద్దని సారు అనలేదు. ఎలా చూడాలో చెప్పారు. ఆదివారం సాయంత్రానికి హోంవర్కు అయిపోవాలి, ఎనిమిదింటికి పడుకోవాలి, పన్నెండున్నరకు లేవాలి, ఆట అయ్యాక ముచ్చట్లు పెట్టకుండా మళ్లీ ఒక కునుకు తీయాలి, ప్రేయర్‌కు అందరూ ఉండాలి. టీవీ ఉన్న ఇంట్లో చాపల మీద వరసగా పడుకున్నాం. 120 నిమిషాలు ఒక్క గోల్ పడలేదు. చివరికి ఇటలీ ఆటగాడు బాజియో కొట్టిన పెనాల్టీ బార్ మీదుగా పోయి బ్రెజిల్ నాలుగోసారి కప్పు ఎత్తింది. ఉదయం ప్రేయర్‌లో మా వరసలో ఒక్కడూ తక్కువ లేడు. నచ్చిన దాన్ని వదులుకోకుండానే మిగతా పనులన్నీ చేసుకోవచ్చని, దానికి ముందురోజు నుంచే సర్దుకోవాలని అంత చిన్న వయసులో చేసి చూడటం మా అదృష్టం.

విరామం సంగతి కూడా చెప్పాలి. సగం ఆట అయ్యాక ఐదు నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, సారు కూడా. గ్లూకోజు నీళ్లు, నిమ్మచెక్క, అంతే. తర్వాత ఒక్కొక్కరు తాము చూసినది ఒక్కటి చెప్పాలి. "లెఫ్ట్ బ్యాక్ ఎడమకాలితో ఆడలేడు సార్" లాంటివి. ఎవరి తప్పు ఏమిటన్నది అక్కడ రాకూడదు. గోల్స్ వెనకబడి ఉన్నా ఈ పద్ధతి మారేది కాదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు ముందు ఊపిరి తీసుకోవడానికి టైం ఇవ్వాలని అప్పట్నుంచీ నా ఒంట్లోకి దిగింది. ప్రశ్నపత్రం చేతికి రాగానే పెన్ను పక్కన పెట్టి మొత్తం ఒకసారి చదవడం, ఏది ముందు రాయాలో అనుకుని మొదలుపెట్టడం అక్కడి నుంచి వచ్చినవే.

నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా పనిచేస్తున్నాను. నా సెక్షన్‌లో ఏ బండి ఎక్కడుందో చూస్తూ, దేన్ని ఆపి దేన్ని పంపాలో స్టేషన్లకు చెప్పడం నా పని. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే ముందున్న గూడ్సును ఏ స్టేషన్‌లో లూప్‌లో, అంటే పక్క లైన్లో, పెట్టాలో ఆ రెండూ దగ్గరపడ్డాక ఆలోచిస్తే కుదరదు. గూడ్సు బరువెంత, ఆ స్టేషన్ లూప్‌లో అది పడుతుందా, ఎదురుగా ఏం వస్తోంది అన్నవి అరగంట ముందే తేల్చుకోవాలి. గూడ్సును ఒక స్టేషన్ ముందే ఆపితే దాని టైం పోతుంది, ఒక స్టేషన్ ఆలస్యంగా ఆపితే వెనక ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేటప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, నడుస్తున్న పని ఆపించి అడుగుతాను, వెనక ఏం వస్తోందని. నా నోట ఆ మాట వచ్చిన ప్రతిసారీ సారు గొంతే వినిపిస్తుంది.

ఇప్పుడు చాలా స్కూళ్లలో టెన్త్ రాగానే గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ చేస్తున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పొద్దుట్నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లవాడిని సాయంత్రం కూడా అదే బెంచీ మీద కూర్చోబెడితే పుస్తకం తెరిచి ఉంటుంది, అంతకుమించి ఏమీ జరగదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇవాళ దేశం తరఫున ఆడుతోంది. మన బడిలో ఆడపిల్లలకు మా రోజుల్లో జట్టు లేదు, ఇప్పుడైనా ఉండాలి.

అందుకని ఈ కలయికలో మనం చేయదగిన పనులు కొన్ని అనుకుందాం. గోల్‌పోస్టులకు వలలు లేవు, వేయించాలి. అమ్మాయిల జట్టుకు బూట్లు, బంతులు మా బ్యాచ్ తరఫున మేం ఇస్తాం. టెన్త్ పిల్లలకు వారంలో మూడు సాయంత్రాలు గ్రౌండ్ వదిలిపెట్టమని హెడ్‌మాస్టర్ గారిని, తల్లిదండ్రులను కలిసి అడుగుదాం. అడిగేటప్పుడు ఆ పిల్లల చేత వారం పాటు రాయించిన కాగితాలు చేతిలో పట్టుకుని వెళ్దాం. నైట్ డ్యూటీ లేని ఆదివారాలు పొద్దున ఆరింటికి నేను గ్రౌండ్‌లో ఉంటాను. మా గోల్‌కీపర్ కూడా వస్తానన్నాడు. వేళ్లు చూపించడానికి ఇంకొకరు కావాలి, వీలున్నవాళ్లు చెప్పండి.