పప్పు 'వవ్వు' అయినప్పుడు

అమెరికా నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో కోకాపేట, నల్లగండ్ల వైపు బడుల్లో పిల్లల్ని చేర్పించినవాళ్లకు మొదటి నెలలోనే వినిపించే మాట, "మీవాడు లెక్కల్లో వెనకబడ్డాడండీ." ఏ లెక్కలో అని ఆరా తీస్తే చాలాసార్లు దొరికేది కామా. 12,50,000ను వాడు 1,250,000 అని రాస్తాడు. స్థానవిలువ వచ్చు, లక్షలూ కోట్లూ అలవాటు లేవు, అంతే. బడి ట్యాబ్‌లో ఒక్కో పిల్లాడి స్థాయిని బట్టి పాఠం ఇచ్చే యాప్‌కు మాత్రం అది తప్పు జవాబు. కింది తరగతి పాఠానికి దింపేస్తుంది. వచ్చిందే మళ్లీ చేయమంటే ఏ పిల్లాడికైనా విసుగే.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలన్న ఆలోచన పాతదే. 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ ప్రచురించిన ఫలితాల్లో, విడిగా టీచర్ చెప్పిన పిల్లల సగటు మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటింది. తర్వాతి అధ్యయనాల్లో అంత తేడా అరుదు. ఆ అంకె అందరూ చెబుతారు గానీ, అక్కడ పాఠం పాఠానికీ పరీక్ష పెట్టి, తప్పులు దిద్దాకే ముందుకెళ్లారన్నది వదిలేస్తారు. అందుకే బడిని "యాప్ ఉందా" అని కాదు, "దాని రిపోర్టు ఎవరు చూస్తారు, ఏ రోజు చూస్తారు, చూశాక ఏం మారుస్తారు" అని అడగండి.

తెలుగు సంగతి వేరు. 2018 చట్టంతో తెలంగాణలో ఏ బోర్డయినా పదో తరగతి దాకా తెలుగు తప్పదు. ఇంట్లో మాటలన్నీ అర్థమయ్యే పిల్లలే చదవడం దగ్గర ఆగిపోతారు. ట్యూషన్‌కు పంపే ముందు ఒక కాగితం మీద మూడు వరసలు రాయండి: పలక, గడప లాంటివి పది, గాలి, కోతి లాంటివి పది, ఒత్తులున్నవి పది. పైకి చదివించి, వాడు పలికింది పలికినట్టే రాసుకోండి. పప్పును 'వవ్వు' అంటే ప, వ తేడా తెలియలేదు. వాటిని పక్కపక్కనే పలక మీద దిద్దించాలి. 'పపు' అంటే ఒత్తు కంటికి ఆనలేదు. దానికి గుడి–గుడ్డి, గడి–గడ్డి జంటలు కావాలి. ఇద్దరినీ మళ్లీ 'అ ఆ' దగ్గర కూర్చోబెట్టే ట్యూషన్ డబ్బు దండగ.

రోజుకు 15 నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెడితే మంగళవారానికి ఏమీ మిగలదు. పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకునేవాళ్లకు ఆర్టీసీ బస్సు బోర్డులున్నాయి: ముందు కోఠి, తర్వాత ఉప్పల్, నాంపల్లి, పట్టు చిక్కాక దిల్‌సుఖ్‌నగర్.

ఇంకొకటి. ఇంగ్లిషులో 'నువ్వు'కీ 'మీరు'కీ ఒకటే మాట కాబట్టి పిల్లలు టీచర్నీ 'నువ్వు' అనేస్తారు. పొగరనుకుంటారు. చేర్పించిన రోజే క్లాస్ టీచర్ చెవిన వేయండి.